అహాన్ని సాకిన కావ్యం

నాయుడుపేటను ఒరుసుకుని పారే స్వర్ణముఖి మన దగ్గరికి రాకముందే కొన్ని గొప్ప కథల్ని దాటుకుని వస్తుంది. చంద్రగిరి వైపు కొండల్లో పుట్టి, తొండవాడ, తిరుచానూరు మీదుగా సాగి, శ్రీకాళహస్తిలో ఉత్తరానికి తిరిగి గుడి పక్కనే పారుతుంది. ఆ తర్వాత మన ఊరు, ఆ పైన సముద్రం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారేదాకా నాయుడుపేట నెల్లూరు జిల్లాలో, శ్రీకాళహస్తి చిత్తూరు జిల్లాలో ఉండేవి. ఇప్పుడు రెండూ తిరుపతి జిల్లాలోవే. ఈ ఏటి ఒడ్డు కథలతో ధూర్జటి 16వ శతాబ్దంలో నాలుగు ఆశ్వాసాల ప్రబంధం రాశాడు. దాని పేరు శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యము. శ్రీకృష్ణదేవరాయల అష్టదిగ్గజాల్లో ఒకడిగా ధూర్జటి పేరు అందరం బడిలో విన్నదే. ఆయన శతకం పద్యాలు ఇప్పటికీ నోళ్ళలో నానుతున్నాయి. మాహాత్మ్యం మాత్రం పరీక్షలకు ఒకటో రెండో పద్యాలు కంఠస్థం చేసి మూసేసిన పుస్తకంగా మిగిలింది. మళ్ళీ తెరవాల్సిన పుస్తకం అది.

ఎందుకంటే, 'నేను' అనే దాన్ని ఏం చేయాలి అన్న ప్రశ్నకు ఇంత దయగల జవాబు తెలుగులో నాకు మరొకచోట కనిపించలేదు. అహంకారం పేరెత్తితే చాలు, దాన్ని నరకాలి, కాల్చాలి, అణగదొక్కాలి అని చెప్పే మాటలు మన చుట్టూ చాలా ఉన్నాయి. విన్న మనిషి రెండు రోజులు తనను తాను తిట్టుకుంటాడు. మూడో రోజు 'నేను ఎంత వినయంగా ఉన్నానో' అని మురిసిపోతాడు. ధూర్జటి కథల్లో శివుడు ఆ దారి పట్టడు. తన దగ్గరికి వచ్చిన ప్రతి ప్రాణిలోని అహాన్నీ బిడ్డను సాకినట్టు సాకుతాడు. దానికి పని చెబుతాడు, ఎదగనిస్తాడు. అది తనంతట తాను ఒదిగే వయసు వచ్చేదాకా ఓపిక పడతాడు. ఆ సాకడాన్ని కవి కథలో ఎలా అల్లాడో, ఆ పనితనం ఎక్కడెక్కడ ఉందో దగ్గరగా చూడటమే ఈ వ్యాసం పని.

దారపు గోపురం

మొదట సాలెపురుగు కథ. దాని కథ రెండు ముక్కల్లో చెప్పేయవచ్చు: శివలింగం చుట్టూ గూడు అల్లింది, దీపం మంటకు గూడు కాలింది, కోపంతో దీపాన్ని మింగబోయింది, శివుడు మెచ్చి మోక్షమిచ్చాడు. ధూర్జటి ఆ పురుగును తొందరపెట్టడు. దాని పొట్టలోంచి వచ్చే దారంతోనే గుడి కట్టిస్తాడు, మండపాలు నిలబెట్టిస్తాడు, ప్రాకారాలు తిప్పిస్తాడు. మనిషి రాతితో కట్టించేవన్నీ అది నూలుపోగుతో కడుతుంది. చదువుతుంటే మనకు నవ్వు రాదు, ముచ్చట పుడుతుంది. అంత చిన్న ప్రాణికి అంత పెద్ద పనా అనిపిస్తుంది. ఆ ముచ్చటలోనే కవి పని సగం అయిపోయింది. సాలెపురుగు గర్వాన్ని మనం తప్పు పట్టకముందే దాన్ని ప్రేమించేలా చేశాడు.

ఇక్కడ ఇంకో సంగతి గమనించాలి. శ్రీకాళహస్తిలో 1516లో పెద్ద గోపురాన్ని కట్టించింది శ్రీకృష్ణదేవరాయలే. 2010 మే నెలలో అది కూలిపోయింది. దాని చోట కట్టిన కొత్త గోపురానికి 2017లో కుంభాభిషేకం జరిగింది. రాజు రాతి గోపురం ఎత్తించిన ఊళ్ళోనే, ఆ రాజు కొలువులో ఉన్న కవి ఒక పురుగు చేత దారపు గోపురం కట్టించాడు. రెండిటినీ పక్కపక్కన పెట్టి పోల్చమని ఆయన ఎక్కడా అడగలేదు. అయినా చదివేవాడికి రెండూ ఒకేసారి కళ్ళ ముందుకు వస్తాయి. శివుడు మెచ్చేది కట్టడం ఎత్తును కాదని, కట్టినవాడు అందులో తనను ఎంత పోశాడో దాన్నని అర్థమవుతుంది. సాలెపురుగు అడవి నుంచో పాతాళం నుంచో ఏదీ తేలేదు. తన ఒంట్లోంచి తీసి ఇచ్చింది. 'నాది' అని చెప్పుకోవడానికి దానికి అంతకు మించి ఏమీ లేదు.

మంట తగిలినప్పుడు అది చేసిన పని చూడండి. గూడు పోయిందని ఏడుస్తూ కూర్చోలేదు, పారిపోలేదు. దీపం మీదికి దూకబోయింది. అది కోపమే, అహమే. కానీ ఆ కోపం తన ఇల్లు కాలినందుకు కాదు, స్వామి గుడి కాలినందుకు. అప్పటిదాకా 'నేను కట్టిన గుడి' అనుకున్న ప్రాణి ఆ క్షణాన తనను మరిచి గుడి కోసం ఒళ్ళు అర్పించబోయింది. శివుడు ఆ కోపాన్నే కానుకగా తీసుకున్నాడు. అహం తన చివరి మెట్టు మీద ఎలా ఉంటుందో ధూర్జటి ఈ చిన్న కథలోనే చూపించాడు.

మణులూ మారేడు దళాలూ

పాము, ఏనుగుల కథ ఇంతకంటే లోతైనది. ఇద్దరు భక్తులు, ఒకే దేవుడు, ఒకరి సంగతి ఒకరికి తెలియదు. పాము పాతాళం నుంచి మణులు తెచ్చి లింగానికి అలంకరించి పోతుంది. ఏనుగు స్వర్ణముఖిలో స్నానం చేసి, తొండంతో నీళ్ళు తెచ్చి అభిషేకం చేసి, పూలూ మారేడు దళాలూ పెట్టి పోతుంది. ఏనుగు కళ్ళకు మణులు రాళ్ళు; తీసి పారేస్తుంది. పాము కళ్ళకు ఆకులూ పూలూ చెత్త; తోసేస్తుంది. రోజూ ఇదే తంతు. ఎవడో పాపి నా స్వామిని అవమానిస్తున్నాడని ఇద్దరికీ మంట. చివరికి పాము ఆకుల చాటున పొంచి ఉండి, ఏనుగు రాగానే తొండంలో దూరింది. ఏనుగు ఆ బాధ తాళలేక తల మోదుకుంది. ఇద్దరూ చచ్చిపోయారు. శివుడు ఇద్దరికీ మోక్షమిచ్చాడు. సాలెపురుగు, పాము, ఏనుగు, ఈ ముగ్గురి పేర్లతోనే ఆ క్షేత్రాన్ని పిలుస్తున్నాం.

ఈ కథలో పనితనమంతా కథను ఎక్కణ్ణుంచి చెప్పాలన్న ఎంపికలో ఉంది. పాము వైపు నుంచి చెబితే ఏనుగు మూర్ఖం. ఏనుగు వైపు నుంచి చెబితే పాము విషపు పురుగు. ధూర్జటి రెండు వైపులా నిలబడతాడు. పాము మణులు పెట్టేటప్పుడు మనం పాము పక్షం. ఏనుగు నీళ్ళు పోసేటప్పుడు మనం ఏనుగు పక్షం. తెల్లారి పూజ చెదిరిపోయి కనిపించినప్పుడు ఎవరి దుఃఖాన్ని చదివితే వాళ్ళతోపాటు మనకూ కడుపు తరుక్కుపోతుంది. రెండో మూడో సార్లు ఇలా అటూ ఇటూ తిరిగాక 'ఎవరిది తప్పు' అన్న ప్రశ్న మనలోంచి జారిపోతుంది. తప్పెవరిదో తేల్చే తీర్పు కవీ ఇవ్వలేదు, శివుడూ ఇవ్వలేదు.

శివుడు ఒక్క మాట చెప్పి ఉంటే ఆ గొడవే ఉండేది కాదు గదా అని అడగవచ్చు. 'ఆ రాళ్ళు నీ తమ్ముడి మణులు, ఆ ఆకులు నీ అన్న పూలు' అంటే చాలు. స్వామి ఆ మాట చెప్పలేదు. రోజూ మణులు పెట్టించుకున్నాడు, రోజూ మారేడు దళాలూ పెట్టించుకున్నాడు. ఇద్దరిలో ఏ ఒక్కరి పూజనూ కాదనలేదు. 'నా పూజే సరైనది' అనే పట్టుదల పక్కవాడి పూజను చెత్తగా చూపించేదాకా పోతుంది, నిజమే. కానీ ఆ పట్టుదల లేకపోతే పాము పాతాళం నుంచి రోజూ ఎక్కి రాదు, ఏనుగు ఏట్లోంచి రోజూ నీళ్ళు మోయదు. పసి భక్తికి ఆ 'నాది' అన్నదే ఊతకర్ర. నడక రాకముందే దాన్ని లాక్కుంటే మిగిలేది భక్తి కాదు, పడిపోవడం. ఆ ఊతకర్రను శివుడు లాక్కోలేదు.

శ్రీకాళహస్తి మూలలింగాన్ని చూసినవాళ్ళకు అర్చకులు చూపించే గుర్తులు తెలిసే ఉంటాయి: అడుగున సాలెపురుగు, మధ్యన ఏనుగు దంతాలు, పైన పాము పడగ. ఒకరినొకరు చంపుకున్న పాము, ఏనుగు ఒకే లింగం మీద ఉన్నాయి. ఏ ఒక్కరి గుర్తూ చెరిపేయలేదు.

ఉడుమూరి పిల్లవాడు

కావ్యానికి గుండెకాయ తిన్నడి కథ. మనం కన్నప్ప అని పిలుచుకునే బోయవాడు. తమిళంలో 12వ శతాబ్దపు శేక్కిళార్ పెరియపురాణంలో ఈ కథ ఎంతో ప్రేమగా ఉంది. శంకరాచార్యుల పేరున ఉన్న శివానందలహరి కూడా భక్తికి ఈ అడవి మనిషినే ఉదాహరణగా తీసుకుంది. ధూర్జటి వాళ్ళ దారినే నడిచినా ఒకచోట తనదైన పని చేశాడు. తిన్నణ్ణి నేరుగా లింగం ముందుకు తీసుకురాలేదు. ముందు ఉడుమూరు అనే బోయపల్లెలో పిల్లవాడిగా ఆడించాడు.

తెలుగు పిల్లల ఆటల పేర్లు వరసగా గుచ్చిన పద్యాలు ఇక్కడే ఉన్నాయి. పాత ఆటల గురించి రాసేవాళ్ళంతా ఆధారంగా పట్టుకునే చోటు ఇది. అవి అలంకారం కోసం పెట్టినవి కావని నా నమ్మకం. ఈ పిల్లవాడు కడుపునిండా ఆడుకున్నవాడు, గెలిచినవాడు, తోటివాళ్ళలో మొనగాడు. తరువాత వేట నేర్చాడు, అందులోనూ మేటి. అతని 'నేను' ఆరోగ్యంగా, కండపట్టి ఎదిగింది. చివర్లో తన కన్ను తాను పెకలించుకోగలిగిన మనిషి కథను చెప్పేముందు, ఆ మనిషి ఎంత నిండుగా బతికాడో కవి చూపించాడు. ఇవ్వడానికి ముందు ఏదో ఒకటి ఉండాలి. ఎదగని అహం దేన్నీ అర్పించలేదు. అది భయంతో ఒదుగుతుంది, అంతే.

వేటలో పంది వెంట పడి తిన్నడు లింగాన్ని చూస్తాడు. చూసీచూడగానే అతను చేసే పని కావ్యమంతటిలోకీ నాకు ఇష్టమైన ఘట్టం. అతను మొక్కడు, మంత్రం చదవడు. ఈ అడవిలో తోడు లేకుండా ఒక్కడివే ఎందుకున్నావు, మా ఊరికి రా అని బతిమాలతాడు. ఊళ్ళో ఏమేం తినిపిస్తాడో చెబుతాడు, ఎన్ని సుఖాలున్నాయో చెబుతాడు. తనకు ఇష్టమైనవన్నీ దేవుడికీ ఇష్టమనే అతని లెక్క. పండితుడి కొలతతో చూస్తే ఇది అజ్ఞానం. తల్లి కొలతతో చూస్తే ఇంతకు మించిన ప్రేమ లేదు. పిల్లవాడు తన నోట్లో పెట్టుకున్న మిఠాయి తీసి అమ్మ నోటికి అందించడమే ఇది. శివుడు రానూ అనలేదు, వస్తాననీ అనలేదు. ఊరికి రాని స్వామి దగ్గరే తిన్నడు ఉండిపోయాడు. ఒక్క మాట కూడా పలకకుండా పిల్లవాణ్ణి తన దగ్గర నిలుపుకున్న ఆ మౌనాన్ని ధూర్జటి ఎంతో ఒడుపుగా నడిపాడు.

తరువాతి పూజ సంగతి అందరికీ తెలుసు. నోటినిండా ఏటి నీళ్ళు తెచ్చి అభిషేకం, తలలో దోపుకొచ్చిన ఆకులు, పూలు, రుచి చూసి మరీ పెట్టిన మాంసం. ప్రతి పనిలోనూ అతని ఒళ్ళు ఉంది, అతని ఎంగిలి ఉంది, అతని ఇష్టం ఉంది. వీటిలో ఒక్కదాన్నీ దిద్దాలని శివుడికి అనిపించలేదు.

మన శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళు నేత గుడ్డ మీద బొమ్మ వేసేముందు దాన్ని కరక్కాయ కలిపిన గేదెపాలలో నానబెట్టి ఎండబెడతారు. తరువాతే వెదురు కలం పట్టి, ఇనుము, బెల్లం నానబెట్టి పులియబెట్టిన నల్లటి కసిమితో గీత గీస్తారు. పాలు పట్టిన గుడ్డ మీద రంగు అటూ ఇటూ పాకదు. గీత గీసినచోటే నిలుస్తుంది. పాలు పట్టకపోతే అదే కసిమి చెదిరి పక్క బొమ్మను పాడు చేస్తుంది. అహం విషయంలో ధూర్జటి శివుడిది ఈ పద్ధతే. రంగును కడిగేసే ప్రయత్నం చేయడు. ముందు పాలు పట్టిస్తాడు. పాము, ఏనుగుల్లో 'నాది' అన్న రంగు పక్కవాడి మీదికి పాకింది. తిన్నడి దగ్గరికి వచ్చేసరికి ప్రేమ ఎంత గట్టిగా పట్టిందంటే, అదే 'నాది' చెదరకుండా నిలిచి బొమ్మ అయింది.

లింగం కంటి నుంచి నెత్తురు కారినప్పుడు తిన్నడు ముందు ఆకు పసర్లు పెట్టాడు. తగ్గలేదు. తన కన్ను తీసి పెట్టాడు, తగ్గింది. రెండో కంటికీ నెత్తురు. రెండో కన్నూ తీస్తే చోటు కనపడదు గదా, అందుకని గుర్తుగా కాలు ఆనించి కన్ను తీయబోయాడు. శివుడు చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ కాలు పెట్టడంలో ఎంత ఆలోచన ఉందో చూడండి. తెలివి పోలేదు, వేటగాడి గురి పోలేదు, పనిమంతుడి ముందుచూపు పోలేదు. 'నేను' అనేదాంట్లో ఉన్న శక్తులన్నీ అలాగే ఉన్నాయి. స్వార్థం ఒక్కటే లేదు.

పూజారీ పండితుడూ

ఇదే కథలో ఇంకొకరు కూడా సాకబడ్డారు. ఆయనే రోజూ వచ్చి లింగాన్ని కడిగి, శాస్త్రప్రకారం పూజ చేసే బ్రాహ్మణుడు. మాంసపు ముక్కలు చూసి ఆయన కుమిలిపోతాడు. 1954లో కాళహస్తి మహాత్మ్యం, 1976లో బాపు తీసిన భక్త కన్నప్ప, రెండు సినిమాల్లోనూ పూజారి చెడ్డవాడు. సినిమాకు విలన్ కావాలి గనక అది అర్థం చేసుకోదగ్గదే. కావ్యానికి ఆ అవసరం రాలేదు. ఈ బ్రాహ్మణుడి శుచి నిజమైనది, బాధ నిజమైనది. శివుడు ఆయన్ని మందలించలేదు, తిన్నడి కంటే తక్కువవాడివని అనలేదు. చాటున ఉండి చూడమన్నాడు. తన మడే గొప్పదనుకున్న మనిషికి ఇంతకు మించిన మర్యాద ఏముంటుంది? వాదించి ఓడించలేదు, కళ్ళారా చూసే అవకాశం ఇచ్చాడు. చూసిన తరువాత ఆయనలో కరగాల్సింది ఆయనంతట కరిగింది.

నత్కీరుడి కథ మరీ కష్టమైనది. అది చదువు తెచ్చిన అహం. పాండ్యరాజు కొలువులో మహాకవి. పేద శివార్చకుడి కోసం శివుడే పద్యం రాసిస్తే, అందులో తప్పుందని సభలో నిలదీశాడు. స్త్రీల కురులకు సహజంగా సువాసన ఉంటుందన్నది లోకం ఒప్పని మాట అని ఆయన అభ్యంతరం. శివుడు స్వయంగా వచ్చాడు, నుదుటి కన్ను చూపించాడు. నత్కీరుడు తగ్గలేదు. కుష్ఠువ్యాధి శాపం తగిలింది. ఇది కఠినమే. కానీ శాపంతోపాటే కైలాసం చూస్తే పోతుందన్న మందు కూడా ఇచ్చాడు. బయలుదేరిన నత్కీరుడు దారిలో భూతానికి చిక్కాడు, కుమారస్వామి విడిపించాడు. అంత దూరం నడవలేని మనిషి ఒక కొలనులో మునిగి లేచేసరికి దక్షిణ కైలాసమైన కాళహస్తిలో ఉన్నాడు. నడవలేనివాడి కోసం గమ్యమే దగ్గరికి జరిగింది.

ఈ నత్కీరుడిగానే పరంపర చెప్పే నక్కీరదేవ నాయనార్ పేరున తమిళంలో అంతాది అనే పద్యకృతి ఒకటి ఉంది. తమిళ శైవ సంకలనమైన పదకొండో తిరుమురైలో చేరిన ఆ నూరు పద్యాల్లో ఒకటి కైలాసం మీద, తరువాతది కాళహస్తి మీద, ఇలా మార్చి మార్చి సాగుతుంది. తప్పు పట్టిన కవి నోటిని పరంపర మూయించలేదు. ఆ నోటితోనే పాడించింది.

మెత్తదనం ఎక్కడుంది?

గూడు కాలింది, ప్రాణాలు పోయాయి, కన్ను ఊడింది, కుష్ఠు వచ్చింది. ఇందులో మెత్తదనం ఏముంది అని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు పరీక్ష వచ్చిన వేళలో ఉంది. సాలెపురుగు మొదటి పోగు అల్లిన రోజున మంట రాలేదు. తిన్నడు మొదటిసారి ఎంగిలి మాంసం పెట్టిన రోజున నెత్తురు కారలేదు. ముందు ప్రేమకు కావలసినంత వ్యవధి ఇచ్చాడు. భరించగలిగే బలం వచ్చాకే పరీక్ష వచ్చింది. ఆ పరీక్ష కూడా ఎవరి పనిముట్టుతో వాళ్ళకే వచ్చింది: అల్లినవాడికి అల్లిక మీద, చూపు గురి పెట్టినవాడికి కంటి మీద, మాట విసిరినవాడికి మాట మీద. లాలించడమంటే ఎన్నడూ ఏమీ అడగకపోవడం కాదు. అడగాల్సిన వేళ తెలిసి అడగడం.

ఇది మన రోజువారీ బతుక్కి పనికొచ్చే పాఠం. మన ఊళ్ళ గుళ్ళలో ఫ్యాను రెక్కల మీద, ట్యూబ్‌లైట్ పట్టీల మీద దాతల పేర్లుంటాయి. శివరాత్రికి ఎవరి దండ ముందు పడాలని మాటామాటా పెరుగుతుంది. భజనలో గొంతు బాగున్నవాడు మైకు వదలడు. చూసి చిరాకు పడటం తేలిక. ధూర్జటిని చదివినవాడు కాస్త ఆగుతాడు. ఆ పేరు ఏనుగు తెచ్చిన మారేడు దళం. ఆ మైకు పాము మణి. ఆ 'నాది' లేకపోతే ఆ మనిషి గుడికే వచ్చి ఉండేవాడు కాడు. మన లోపలి అహానికీ ఇదే మర్యాద ఇవ్వాలి. ధ్యానానికి కూర్చున్న ప్రతిసారీ 'నేను బాగా చేస్తున్నాను' అన్న మాట లోపల వినిపిస్తే, దాన్ని తరిమికొట్టే పనిలో ఆ పూటంతా పోగొట్టుకోనక్కర్లేదు. సరే, నువ్వే రేపు కూడా కూర్చో అని దానికే ఆ పని అప్పగించాలి. కూర్చోగా కూర్చోగా అది మెత్తబడుతుంది.

'నేనెవరు' అన్న ప్రశ్నకే జీవితం అంకితం చేసిన రమణ మహర్షిని, 1896లో ఇల్లు విడిచి అరుణాచలం వెళ్ళకముందు మదురైలో కదిలించిన పుస్తకం పెరియపురాణం, అంటే కన్నప్ప వంటి భక్తుల కథలే. అహాన్ని మూలం దాకా వెతికిన మహానుభావుడి దారి కూడా అహాన్ని సాకిన కథల దగ్గరే మొదలైందన్న సంగతి మనం గుర్తుపెట్టుకోవాలి.

కొత్తగా చదివేవాళ్ళు మొదటి ఆశ్వాసంతో కుస్తీ పట్టాల్సిన పనిలేదు. తాత్పర్యం ఉన్న ప్రతి తీసుకుని నేరుగా తిన్నడి బాల్యం దగ్గర మొదలుపెట్టండి. ఆటల పద్యాలు పైకి చదవండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే అందులో ఏ ఆట వాళ్ళు ఆడారో అడగండి. ఆ తరువాత పాము, ఏనుగుల దగ్గరికి రండి. సమాసాలు అడ్డుపడతాయి, పడనివ్వండి. రెండోసారికి దారి ఇస్తాయి.

శ్రీకాళహస్తి శివరాత్రి బ్రహ్మోత్సవాల్లో తొలి ధ్వజారోహణం స్వామి గుడిలో జరగదు. కన్నప్ప కొండ మీద, భక్తుడి గుడిలో జరుగుతుంది. ఆ తరువాతే స్వామికి. అహం ముదురుతుందేమోనని భయపడే చోట భక్తుణ్ణి దేవుడి కంటే ముందు నిలబెట్టరు. కన్నప్ప విషయంలో ఆ భయం అక్కర్లేదని ఆ క్షేత్రానికి తెలుసు. సాకడం పూర్తయిన అహానికి ఎంత పెద్ద గౌరవం ఇచ్చినా చెడదు. అది ఆ గౌరవాన్ని తీసుకెళ్ళి మళ్ళీ స్వామికే పెడుతుంది.